విజయవాడ హాస్టల్ ఒక ఏడాది ఆగొచ్చు, మధ్యాహ్నం ఇంజెక్షన్ ఆగకూడదు

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి పాసయ్యింది. 11వ ఏట టైప్ 1 షుగరు బయటపడింది. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు, ఇన్సులిన్ పెన్నుతో. బైపీసీ చదివి డాక్టరవుతానంటోంది. వాళ్ల నాన్నగారు విజయవాడలో హాస్టలున్న కాలేజీలో వేద్దామంటున్నారు, నాకేమో భయం. ఏడాదిగా బడిలో మధ్యాహ్నం ఇంజెక్షన్ ఎగ్గొడుతోందని, పుస్తకంలో రీడింగులు సొంతంగా కల్పించి రాస్తోందని ఈ మధ్యే తెలిసింది. మూడు నెలల సగటు పరీక్ష 9.8 వచ్చింది. అసలు బైపీసీ తీసుకోనివ్వొచ్చా? హాస్టలా, ఇంటి నుంచా?

జవాబు: అమ్మా, బైపీసీ సంగతి తేలిక. నిరభ్యంతరంగా తీసుకోనివ్వండి. ఇన్సులిన్ వాడుతూ ఎంబీబీఎస్ చదివినవాళ్లు, వార్డుల్లో నైట్ డ్యూటీలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. హాస్టల్ మాత్రం ఈ ఏడాది వద్దు. ఫస్టియర్ ఇంటి నుంచే వెళ్లనివ్వండి, రావులపాలెమో అమలాపురమో రాజమండ్రో, బస్సులో గంట లోపు ప్రయాణమున్న కాలేజీ చూడండి. సెకండియర్ సంగతి వచ్చే వేసవిలో మాట్లాడుకోవచ్చు. షుగరున్న పిల్ల హాస్టల్లో ఉండలేదని కాదు. మధ్యాహ్నం సూది మానేస్తున్న పిల్ల హాస్టల్‌కి వెళితే రాత్రి సూది కూడా మానేస్తుంది, అడిగేవాళ్లుండరు గనక.

9.8 అంటే రక్తంలో షుగరు సగటున 235 దగ్గర ఉంటోందన్నమాట. అలాంటి రోజుల్లో దాహం, రాత్రి రెండు మూడుసార్లు లేవడం, పొద్దున క్లాసులో నిద్రమత్తు. చదువు మీద ధ్యాస లేదని మీరు తిట్టేది చాలావరకు ఇదే. ఈ వయసులో ఎదుగుదల హార్మోన్ల వల్ల ఇన్సులిన్ అంత బాగా పని చేయదు, పదకొండేళ్లప్పటి డోసు పదిహేనేళ్లకు చాలదు. కాబట్టి తప్పంతా పిల్లదే అనుకోకండి. డోసు పెంచాలా వద్దా అన్నది డాక్టరుగారు తేలుస్తారు, కానీ ఆయనకు నిజమైన అంకెలు కావాలి.

ఆ పుస్తకం ఒకసారి తీసి చూడండి. 110, 130, 120, 140. అన్నీ సున్నాతో ముగుస్తాయి, వారమంతా ఒకే సిరాతో ఒకే కూర్పులో ఉంటాయి. నిజం రీడింగులు 87, 263, 194 అని వంకరటింకరగా వస్తాయి. మీటరులో మెమరీ ఉంటుంది, తారీఖు, టైము సరిగ్గా పెట్టి ఉంటే చాలు, అందులో అబద్ధానికి చోటు లేదు. అసలు పిల్ల కల్పించి ఎందుకు రాస్తుంది? ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ‘ఎంతొచ్చింది?’ అని అడుగుతారు. 260 అంటే ‘ఏం తిన్నావ్?’ అని మొదలవుతుంది. మూడో రోజుకి 130 అని చెప్పడం నేర్చుకుంటుంది. ఆ మొదటి ప్రశ్న మానేయండి. ఆదివారం పొద్దున పది నిమిషాలు, మీటరు మెమరీ ముందు పెట్టుకుని, ఇద్దరూ చూడండి. ఎక్కువున్న చోట ‘ఇక్కడేం జరిగింది?’ అని మాత్రం అడగండి, జవాబుకి తిట్టకండి. ఒకసారి తిడితే మళ్లీ మొదటికొస్తుంది.

మధ్యాహ్నం సూది ఎందుకు మానేస్తోందో కూడా నెమ్మదిగా అడగండి. సాధారణంగా కారణం సిగ్గే. కేరేజీ విప్పేటప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు, లేకపోతే బాత్రూములోకి వెళ్లి పొడుచుకోవాలి. కాలేజీలో చేరే రోజునే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి స్టాఫ్ రూములోనో ఆఫీసు గదిలోనో ఒక మూల అడగండి. ఐదు నిమిషాల పని.

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. రేపు సంబంధాలు చెడతాయని మన వైపు చాలా ఇళ్లలో ఈ జబ్బును దాస్తారు. ఊరంతా చాటనక్కర్లేదు. కానీ కాలేజీలో కనీసం ముగ్గురికి తెలియాలి: క్లాస్ టీచరు, బస్సులో పక్కన కూర్చునే స్నేహితురాలు, ఆఫీసులో రోజంతా ఉండే ఒక మనిషి. షుగరు 70 కంటే తగ్గితే చెమట, చేతుల వణుకు, ఒక్కోసారి అర్థం లేని కోపం, తడబడే మాట వస్తాయి. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు టీస్పూన్ల గ్లూకోజు పొడి గ్లాసు నీళ్లలో. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, పెరగకపోతే మళ్లీ అంతే. చాక్లెట్టు పనికిరాదు, అందులో కొవ్వు వల్ల తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. కొబ్బరి నీళ్లు కూడా అంతే, మన కోనసీమ బోండమైనా గ్లాసులో పది గ్రాములకు మించి తీపి ఉండదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ విషయాలు సగం కాగితం మీద రాసి ఆ ముగ్గురికీ ఇవ్వండి.

ఇక బాధ్యత అప్పగించడం. చాలామంది తల్లులు పదిహేనేళ్ల దాకా అన్నీ తామే చేసి, హాస్టల్ బస్సెక్కించిన రోజున మొత్తం పిల్ల నెత్తిన పడేస్తారు. అలా కాకుండా ఒక్కోటి వదలండి. మొదటి నెల పరీక్ష, డోసు లెక్క, ఇంజెక్షన్ అన్నీ తనే చేస్తుంది, మీరు పక్కన కూర్చుంటారు. అన్నం లెక్క కూడా ఆ నెలలోనే నేర్పండి. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మార్టేరు స్వర్ణయినా మరేదైనా. మీ ఇంటి కప్పుతో కొలిచి కంచంలో చూపించండి, కన్ను అలవాటు పడుతుంది. సంక్రాంతికి పూతరేకు తినొద్దని కట్టడి చేస్తే దొంగతనంగా తింటుంది. ఒకటి తిని దానికి తగ్గ డోసు వేసుకోవడం డాక్టరు దగ్గర నేర్పించండి.

రెండో నెల నుంచి సామాను లెక్క తనది. రోజుకు నాలుగుసార్లు చూస్తే నెలకు 120 స్ట్రిప్పులు, అంటే 50 స్ట్రిప్పుల డబ్బాలు మూడు. రోజుకు 40 యూనిట్లు వాడితే నెలకు 1200. ప్రతి ఇంజెక్షన్‌కీ ముందు గాలి తీయడానికి పోయే రెండేసి యూనిట్లు కలిపితే ఇంకో 240. పెన్నులో వేసే ఇన్సులిన్ గొట్టం, అదే కార్ట్రిడ్జిలో 300 యూనిట్లే ఉంటాయి, కాబట్టి ఐదు. రెండు రకాల ఇన్సులిన్ గనక ఆరు తెచ్చుకోవాలి. ‘అయిపోయిందమ్మా’ అని ఆదివారం రాత్రి పదింటికి చెప్పే పిల్ల ఇంకా హాస్టల్‌కి సిద్ధంగా లేనట్టే. మూడో నెల తర్వాత సెలవుల్లో నాలుగు రోజులు మేనత్త గారింటికి పంపండి, ఫోన్ చేసి గుర్తు చేయకుండా. అమ్మమ్మ గారింటికి మాత్రం కాదు, అక్కడ గారాబం ఎక్కువ, పరీక్ష పరీక్షలా జరగదు. తిరిగొచ్చాక మీటరు చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

సెకండియర్‌కి హాస్టల్ అనుకుంటే, ఫీజు కట్టే ముందు వార్డెన్‌ని ఇవి అడగండి. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలుండే ఫ్రిజ్ ఉందా? గడ్డకడితే అది పనికిరాదు. వాడుతున్న పెన్ను బయటే ఉండొచ్చు, 28 రోజులకి మించకూడదు. మే నెలలో గది వేడిగా ఉంటే తడిపిన మట్టికుండలో పెట్టొచ్చు. స్టడీ అవర్ మధ్యలో తినడానికి లేవనిస్తారా? జ్వరమో వాంతులో వస్తే ఎవరు చూస్తారు? ‘తినలేదు కదా, ఇన్సులిన్ వద్దులే’ అని మానేస్తే ఒక్క రోజులో ప్రమాదం ముంచుకొస్తుంది. టైప్ 1 పిల్లకి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే గ్యాస్ ట్రబుల్ అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకోటి, పెన్ను పాడైతే పక్క మెడికల్ షాపులో వయల్ (ఇన్సులిన్ సీసా), సిరంజి కొంటారు. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే వయల్‌కి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజితో 100 యూనిట్ల ఇన్సులిన్ లాగితే వేయాల్సిన దానికి రెండున్నర రెట్లు వెళుతుంది. పిల్లకి ఇది కంఠతా రావాలి.

నీట్ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది, ఒకటిన్నరకి గేటు మూసేస్తారు. భోజనానికి అరగంట ముందు వేసే రెగ్యులర్ ఇన్సులిన్ పన్నెండింటికి వేసుకుని పన్నెండున్నరకి తింటే, వేసుకున్న రెండు గంటల నుంచి నాలుగు గంటల లోపు అది గట్టిగా పనిచేస్తుంది, సరిగ్గా పరీక్ష మధ్యలో. దీనికి మందు మాక్ టెస్టులే. సెకండియర్‌లో ప్రతి మాక్ టెస్టూ రెండు నుంచి ఐదు దాకా రాయించి, ముందూ వెనకా రీడింగు చూసి, ఆ లెక్కతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగరున్నవాళ్లకు గ్లూకోజు బిళ్లలు, అరటిపండు లాంటి పళ్లు, పారదర్శకంగా ఉండే నీళ్ల సీసా, నీట్ నిర్వహించే ఎన్‌టీఏ సంస్థ పరీక్షల్లో అనుమతిస్తారు. చాక్లెట్లు, ప్యాకెట్ తిండి కుదరవు. చేతికి షుగరు కొలిచే సెన్సార్ ఉంటే ముందే రాసి అనుమతి అడగండి, డాక్టరు ఉత్తరం తీసుకెళ్లండి. ఇంటర్‌లో 75 శాతం హాజరు కావాలి, కాబట్టి ఆసుపత్రి కాగితాలు ఒక్కటీ పారేయకండి.

వికలాంగుల కోటా ఇప్పిస్తామనే మధ్యవర్తులు తగలొచ్చు. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా ఉన్నాయి, టైప్ 1 షుగరు లేదు. నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. మూసుకునే తలుపులూ చెబుతాను: సైన్యం, విమానం నడపడం, రైల్వేలో లోకో పైలట్. ఇన్సులిన్ వాడేవాళ్లని అక్కడ తీసుకోరు. మీ అమ్మాయి వాటి గురించి ఆలోచించడం లేదు గనక నష్టం లేదు. నీట్‌లో ర్యాంకు రాకపోయినా ఈఏపీసెట్ బైపీసీ విభాగంలో ఫార్మసీ, వ్యవసాయం, ఉద్యానం ఉన్నాయి. ఉద్యాన విశ్వవిద్యాలయం తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోనే ఉంది. ఆ దరఖాస్తు కూడా పెట్టించండి.

ఈసారి డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు మొదటి పది నిమిషాలు అమ్మాయిని ఒక్కదాన్నే లోపలికి పంపండి. మధ్యాహ్నం సూది మానేసిన సంగతి ఆయనకు మీరు చెప్పడం కంటే తను చెప్పుకోవడం మేలు. అమ్మాయి ఒక్కతే వస్తుందని ఆయనకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, మీరూ నాన్నగారూ బయట బల్ల మీద కూర్చోండి.