ఎస్‌యూతో రూట్‌లోకి వెళ్ళినా ఎల్‌డీకాన్ఫిగ్ ఎందుకు దొరకడం లేదు?

డెబియన్ లినక్స్‌లో ఖాతా మార్చే ఎస్‌యూ కమాండ్ కొట్టి, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ ఇచ్చి, డీపీకేజీ అనే కమాండ్‌తో ప్యాకేజీ ఎక్కించబోతే ‘ఎల్‌డీకాన్ఫిగ్ పాత్‌లో లేదు’ అని వస్తోందన్నారు. ‘నేను రూట్ కాలేదా?’ అని అడిగారు.

అయ్యారండీ. హూయామ్‌ఐ అని కొట్టి చూడండి, రూట్ అనే చెబుతుంది. చిక్కంతా పాత్ దగ్గర, అంటే కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా దగ్గర ఉంది. వట్టి ఎస్‌యూ కొడితే ఖాతా మారుతుంది గాని మీ పాత ఖాతా పాత్ అలాగే ఉండిపోతుంది. కొత్త మేనేజరును కుర్చీలో కూర్చోబెట్టి బీరువా తాళాలు ఇవ్వనట్టు. డీపీకేజీకి కావాల్సిన ఎల్‌డీకాన్ఫిగ్, స్టార్ట్-స్టాప్-డీమన్ అనే ప్రోగ్రాములు ఉండేది ఎస్‌బిన్ అనే ఫోల్డరులో. డెబియన్‌లో మామూలు ఖాతా పాత్‌లో ఎస్‌బిన్ ఉండదు. ఆ సందేశం చివరి వరుసలో రూట్ పాత్‌లో ఏమేం ఉండాలో డీపీకేజీయే చెబుతుంది. అక్కడిదాకా చదివేవారే తక్కువ.

ఎస్‌యూ తర్వాత ఒక ఖాళీ వదిలి హైఫన్ పెట్టండి, అంతే. 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి ఎస్‌యూ యుటిల్-లినక్స్ ప్యాకేజీలోది. అది హైఫన్ లేకపోతే పాత్ మార్చదు. అంతకుముందుది మార్చేది కాబట్టి పాత పాఠాల్లో వట్టి ఎస్‌యూయే కనిపిస్తుంది.

హైఫన్ పెడితే మీరు రూట్ హోమ్ ఫోల్డరులోకి వెళ్ళిపోతారు. డౌన్‌లోడ్స్‌లో ఉన్న డెబ్ ఫైలు (ప్యాకేజీ ఫైలు) పేరు ఒక్కటే ఇస్తే దొరకదు, పూర్తి దారి రాయాలి.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ కంప్యూటర్లు నేను చూస్తుంటాను. స్లాబుల లెక్కల కోసం అక్కడ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెడుతున్నప్పుడు ఆఫీసు కుర్రాడు తన ఖాతా నుంచే ఎస్‌యూ హైఫన్ పోస్ట్‌గ్రెస్ కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. తనది ఇచ్చాడు, రూట్‌ది ఇచ్చాడు, చివరికి వైఫైది కూడా ఇచ్చాడు! పోస్ట్‌గ్రెస్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉంటే కదా. ముందు రూట్‌లోకి వెళ్ళి అదే కమాండ్ కొడితే అడగకుండానే లోపలికి పంపుతుంది. సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపేది) ఉన్న యంత్రమైతే సుడోతో వెళ్ళండి, అది మీ పాస్‌వర్డే అడుగుతుంది. పోస్ట్‌గ్రెస్ ఖాతాకు కొత్తగా పాస్‌వర్డ్ పెట్టమని సలహా ఇచ్చేవారుంటారు, వినకండి. పీర్ అనే లాగిన్ పద్ధతిలో డేటాబేస్ చూసేది లినక్స్ ఖాతా పేరునే.

స్క్రిప్టులో (కమాండ్లు వరుసగా రాసిన ఫైలులో) మాత్రం ఎస్‌యూ ఒక్కదాన్నే ఒక వరుసలో రాయకండి. కింది వరుసలు కొత్త ఖాతాలో నడవవు. ఎస్‌యూ తెరిచిన షెల్ (కమాండ్లు కొట్టే చోటు) నుంచి ఎగ్జిట్ అయ్యాక పాత ఖాతాలోనే నడుస్తాయి. హైఫన్ సీ పెట్టి, నడపాల్సిన కమాండ్‌ను కోట్స్‌లో ఇవ్వాలి.

ప్యాకేజీ సగంలో ఆగిందేమోనని భయపడకండి. డీపీకేజీ ఈ తనిఖీని మొదట్లోనే చేసి ఆగిపోతుంది. హైఫన్‌తో వెళ్ళి మళ్ళీ నడపండి. ఈసారి వేరే ప్యాకేజీలు కావాలని అడిగితే ఆప్ట్ ఇన్‌స్టాల్ అనే కమాండ్‌కు హైఫన్ ఎఫ్ చేర్చి నడిపించండి, అవే వచ్చి చేరతాయి.