పది నిమిషాలకే ఆట తడబడుతుంటే

గాజువాకలోని మీ ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వీడియో గేమ్ మొదట సాఫీగా నడిచి, పది నిమిషాల తర్వాతే తడబడుతోందని రాశారు కనుక, కారణం చాలావరకు వేడి: ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగాన్ని తానే తగ్గించుకుంటోంది. మీరు కొనదలచిన అదనపు ర్యామ్ (మెమరీ) ఈ వేడిని తగ్గించదు.

1. ఫ్యాన్‌లో పేరుకున్న ధూళిని తీయించండి.

2. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోని 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్'ను 99 శాతానికి దించండి. తగ్గించేది ఒక్క శాతమే అయినా, మీ ఇంటెల్ ప్రాసెసర్‌లో టర్బో బూస్ట్ (అవసరమైనప్పుడు వేగాన్ని మామూలు కంటే పెంచే సదుపాయం) ఆగిపోయి వేడి తగ్గుతుంది. చాలామంది దీనిని 'ఆన్ బ్యాటరీ' వరుసలో మాత్రమే మార్చి, ఫలితం లేదని వదిలేస్తారు. మీరు ఛార్జర్ పెట్టి ఆడుతున్నారు కాబట్టి మార్చవలసినది 'ప్లగ్డ్ ఇన్' వరుస.

3. అప్పటికీ తడబడితే ఆట సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటును (సెకనుకు తెరపై చూపే చిత్రాల సంఖ్యను) 30కి పరిమితం చేయండి.