నామినీ తమ్ముడైతే ఎఫ్‌డీ అంతా అతనిదేనా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్న ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. బ్యాంకులో 18 లక్షల ఎఫ్‌డీ ఉంది, నామినీ తమ్ముడు. ఎల్‌ఐసీ పాలసీకి అమ్మ నామినీ. సొంత సంపాదనతో కట్టిన ఇల్లు నాన్న పేరు మీదే ఉంది. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను, తమ్ముడు ఉంటాం. చెల్లికి పెళ్లయింది. నామినీ నేనే కాబట్టి ఎఫ్‌డీ నాదే అంటున్నాడు తమ్ముడు. కట్నం ఇచ్చాక చెల్లికి ఇంకా వాటా ఏమిటంటున్నారు బంధువులు. నాన్న ఏటీఎం కార్డు మాత్రం ఇంటి ఖర్చులకు వాడుతున్నాం. నాన్న స్కూటర్ తమ్ముడే నడుపుతున్నాడు. దాని మీద 11 చలాన్లు ఉన్నాయి. పోయిన నెల డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. ఆ జరిమానా కూడా నాన్న డబ్బులోంచే కడదామంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: స్కూటర్ సంగతి మీరు చివర్లో రాశారు. నేను దానితోనే మొదలుపెడతాను. ఎఫ్‌డీ బ్యాంకులో భద్రంగా ఉంది. మీరిద్దరూ ఇంకో ఆరు నెలలు వాదించుకున్నా అది ఎక్కడికీ పోదు. ఆ బండి మాత్రం రోజూ రోడ్డెక్కుతోంది.

యజమాని చనిపోతే, బండి వాడుకునేవాళ్లు ఆ సంగతి 30 రోజుల్లోగా ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేయాలి. అలా తెలియజేస్తే, చనిపోయిన రోజు నుంచి మూడు నెలల వరకు నడుపుకోవచ్చు. ఆ లోపే ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఇలాంటి షరతే ఉంటుంది. పాలసీదారు పోయాక మూడు నెలలో, పాలసీ గడువో, ఏది ముందైతే అంతవరకే. మీకు ఎనిమిది నెలలు దాటింది. ఇలాంటప్పుడు చాలామంది ఫోన్‌లోనే చనిపోయినవారి పేరు మీద రెన్యువల్ చేసేసి, కాగితం ఉంది కదా అని ధీమాగా తిరుగుతుంటారు. రేపు మీ తమ్ముడు ఎవరినైనా గుద్దితే, ఆ కాగితం చూపించగానే కంపెనీ డబ్బు కట్టేస్తుందని అనుకోకండి. పాలసీదారు ఎప్పుడో పోయారని, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వాదిస్తుంది. అవతలి మనిషి చనిపోయినా, మంచాన పడినా, పరిహారానికి ఇంత అని పైపరిమితి లేదు. వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లను బట్టి లెక్క కడతారు. చిన్న వయసు ఉద్యోగి అయితే మీ 18 లక్షలు ఏ మూలకూ చాలవు.

ఇంకో నష్టం కూడా ఉంది. బండి పాలసీతో వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఆర్సీలో పేరున్న యజమాని నడిపినప్పుడే వర్తిస్తుంది. నాన్న బండి మీద తమ్ముడికి ఏమైనా అయితే ఆ కవర్ రాదు.

కాబట్టి పేరు మారేదాకా తాళం మీ దగ్గర పెట్టుకోండి. గొడవ చేస్తాడని నాకూ తెలుసు, చేయనివ్వండి. మీరందరూ అభ్యంతరం లేదని రాసిస్తే పేరు మార్పు పెద్ద పనేం కాదు. ముందు చలాన్లు కట్టేయండి. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ పెండింగ్ చలాన్లకు భారీ రాయితీ ఇచ్చారు కాబట్టి మళ్లీ ఇస్తారని ఆగకండి. ఆన్‌లైన్‌లో ఒక్కో చలాన్ తేదీ చూడండి. నాన్న ఉన్నప్పటివైతే నాన్న డబ్బులోంచి కట్టడం న్యాయమే. ఆ తర్వాతివి తమ్ముడివి.

డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు నడిపినవాడి మీదే ఉంటుంది. మొదటిసారి అయితే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి దొరికితే 15 వేలు, జైలు రెండేళ్ల వరకు. కోర్టు వాయిదాకు తప్పకుండా వెళ్లమనండి. అది నాన్న చేసిన అప్పు కాదు కాబట్టి ఆ జరిమానా ఉమ్మడి డబ్బులోంచి కట్టాల్సిన పని లేదు. అమ్మ మనసు కరిగి కడతానంటే తన వాటాలోంచి కట్టమనండి.

ఇక ఎఫ్‌డీ. బ్యాంకు దాన్ని మీ తమ్ముడికే ఇస్తుంది, అందులో తప్పు లేదు. నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అంతమాత్రాన డబ్బు అతని సొంతం కాదు, వారసులకు పంచాల్సిందే. కంపెనీ షేర్ల నామినీ విషయంలోనూ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. మీరు హిందువులనుకుని చెబుతున్నాను. 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, చనిపోయినవారి తల్లి, అందరికీ సమాన వాటా. అంటే మీ ఇంట్లో ఐదు వాటాలు, ఎఫ్‌డీలో తలా 3 లక్షల 60 వేలు. చెల్లికి కట్నం ఎంత ఇచ్చినా ఈ లెక్క మారదు. డబ్బు తమ్ముడి ఖాతాలో పడకముందే, ఎవరికెంతో రాసి ఐదుగురూ సంతకాలు చేయండి. వారసత్వంగా వచ్చే సొమ్ముకు ఆదాయపు పన్ను లేదు. నాన్న పోయాక వచ్చిన వడ్డీకి మాత్రం ఉంటుంది. అది ఎవరి పాన్‌లో చూపిస్తున్నారో గమనించండి, లేకపోతే పన్ను మొత్తం ఒక్కరి మీద పడుతుంది.

మీ బంధువులు చెల్లి దగ్గరే ఆగిపోయారు గానీ, అసలు చూసుకోవాల్సింది నాయనమ్మ వాటా. ఇంట్లో ఐదో వంతు ఆవిడది. ఆవిడ వీలునామా లేకుండా పోతే ఆ ఐదో వంతు మీ మేనత్తలు, బాబాయిలతో పాటు, పోయిన మీ నాన్న వంతుగా మీ ముగ్గురికీ చీలుతుంది. అప్పుడు ఇల్లు అమ్మాలన్నా, బ్యాంకు లోను తీసుకోవాలన్నా డజను సంతకాలు కావాలి. ఒకాయన దుబాయ్‌లో ఉంటాడు, ఒకావిడ అలిగి ఉంటుంది. పోస్టాఫీసులో తన పేరు మీద కొంత డబ్బు వేసి, ఇంటి వాటా మీ అమ్మకు వదులుకోవడం ఆవిడకు ఇష్టమేమో అడగండి. ఇష్టమైతే హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించి బీరువాలో దాచుకుంటే ఇంటి విషయంలో అది చెల్లదు. ఆవిడ కాదంటే అక్కడితో ఆపేయండి, ఆ వాటా ఆవిడది. చెల్లి వదులుకుంటానన్నా పద్ధతి ఇదే.

ఎల్‌ఐసీ డబ్బు అమ్మ పేరు మీదే ఉంచేయండి. భార్య నామినీ అయితే ఆ సొమ్ము ఆమెకే చెందుతుందని బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ చెబుతోంది. దీన్ని అన్ని కోర్టులూ ఒకేలా చూడలేదు గానీ, మీ ఇంట్లో ఆ తగువు పెట్టుకోకపోవడమే మంచిది. అందులో కొంత సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే మూడు నెలలకోసారి అమ్మ చేతికి వడ్డీ వస్తుంది. ఆవిడకు 60 నిండి ఉండాలి.

మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. డెత్ సర్టిఫికెట్ కాపీలు కాస్త ఎక్కువే తీసుకోండి, ప్రతి ఆఫీసూ ఒకటి అడుగుతుంది.

ఏటీఎం కార్డు వాడకం ఈరోజే ఆపండి. ఖాతాదారు పోయాక ఆ కార్డు వాడే హక్కు అమ్మతో సహా ఎవరికీ ఉండదు. రేపు తమ్ముడితో మాట తేడా వస్తే ముందుగా బయటికి తీసేది ఆ ఖాతా స్టేట్‌మెంటే. ఇప్పటిదాకా తీసిన మొత్తం ఒక కాగితం మీద రాసి పంపకాల లెక్కలో కలిపేయండి. తర్వాత డెత్ సర్టిఫికెట్ ఇచ్చి ఆ ఖాతాను క్లెయిమ్ చేసుకోండి.