బావి ఈతతో పగడపు దిబ్బల్లోకి దిగవచ్చా?

ప్రశ్న: నా వయసు 28 ఏళ్లు. ప్రొద్దుటూరులో ఒక బంగారు నగల దుకాణంలో పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచి మా ఊరి బావిలో ఈత కొట్టినవాణ్ణి, ఊపిరి బిగబట్టి అడుగు నుంచి రాయి తీసుకురాగలను. స్నేహితుడితో కలిసి లక్షద్వీప్‌లో స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున ఈదడం) చేయాలని కోరిక. విడిగా శిక్షణ అవసరమా? చివరి రోజు ఉదయం కూడా నీటిలో దిగి, మధ్యాహ్నం విమానంలో తిరిగి రావచ్చా? మా యజమాని అక్కడి నుంచి పగడం తెమ్మంటున్నారు, తేవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: నీళ్లంటే బెదురు లేకపోవడం పెద్ద ఆస్తి. అది మీకు బావి ఇచ్చింది. అయినా శిక్షణ తప్పనిసరి అనడానికి కారణం, మీరు గర్వంగా చెప్పిన ఆ నేర్పే స్కూబాలో ప్రాణం మీదికి తెస్తుంది.

బావిలో మీరు గట్టు మీద పీల్చిన గాలితోనే మునుగుతారు. లోపలికి పోయేకొద్దీ ఊపిరితిత్తుల్లో కుంచించుకుపోయిన ఆ గాలి, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికి చేరుతుంది కనుక హాని ఉండదు. స్కూబాలో అలా కాదు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్, సిలిండర్‌లోని గాలిని ఆ లోతు పీడనానికి సరిపడేలా అందిస్తుంది. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చి, బావి అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా పోవచ్చు. ఈతకొలనులో నిలువెత్తు లోతులో సైతం ఈ ప్రమాదం ఉంది. అందుకే పీలుస్తూ, వదులుతూ ఉండటమే అక్కడ మొదటి పాఠం. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు మాటలతో పోదు, గురువు కళ్లెదుట సాధన చేస్తేనే పోతుంది.

ఓపెన్ వాటర్ డైవర్ అనే తొలి కోర్సులో 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం చూస్తారు. ఆ రెండూ మీకు కష్టం కావు. ఆ అర్హతతో 18 మీటర్ల దాకా దిగవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ వంటివి ఉంటే ముందే డాక్టరును కలవండి. జలుబు ఉన్న రోజు అసలు దిగకండి, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు.

రెండో ప్రశ్నకు నా జవాబు: వద్దు. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి, పైకి వచ్చాక కూడా చాలా గంటలపాటు నెమ్మదిగా బయటికి పోతుంది. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీదకన్నా తక్కువ కావడంతో, గోళీ నొక్కగానే సోడా పొంగినట్టు ఆ నత్రజని రక్తంలోనూ కీళ్లలోనూ బుడగలు కట్టవచ్చు. రోజూ పలుమార్లు దిగినవారు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. ఆ బుడగల జబ్బుకు చికిత్స చేసే పీడన గది ప్రతి దీవిలో దొరికేది కాదు. విమానాశ్రయం ఉన్న అగత్తి దీవి కొచ్చికి సుమారు 450 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంకో రోజు సెలవు అడగండి. లేదా ఓడలో తిరిగి రండి, ప్రయాణం ఎక్కువసేపు పట్టినా ఆ చిక్కు ఉండదు. లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి ముందే తీసుకోవాలి, వర్షాకాలం తప్పించుకోవాలి.

ఇక పగడం మాట. ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చే వేరే జాతి. మీరు చూడబోయే దిబ్బల పగడం అది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దిబ్బల పగడాలకు రక్షణ ఇస్తోంది, ఒడ్డున పడివున్న ముక్కనైనా తేకూడదు. ఈ మాట మీ యజమానికి మొహమాటం లేకుండా చెప్పండి. రాయిలా కనిపించే ఆ పగడపు గుండు మీద వేలాది చిన్న ప్రాణులు ఉంటాయి, ఒక్కోదానికి నోరూ, చుట్టూ సన్నని మీసాల్లాంటి స్పర్శకాలూ ఉంటాయి. గుండ్రటి పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో నీరు వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లబారాయి. కోలుకుంటున్న వాటికి మన కాలికి తొడిగే ఈత రెక్క (ఫిన్) తగిలినా గాయమే. అందుకని శిక్షణలో నీటి మధ్య నిలకడగా తేలడం బాగా సాధన చేయండి, దిబ్బకు ఒక నిలువు దూరంలో ఉండండి. అక్కడ ఆగితే చిలుక చేపలు పగడాన్ని కొరికే చప్పుడు కూడా మీకు స్పష్టంగా వినిపిస్తుంది.