ఎవరినీ చదవనన్న అమ్మాయికి

విజయనగరం

అమ్మా,

నీ కథ, దానితోపాటు పెట్టిన ఉత్తరం నాకు అంది పదిరోజులైంది. కథను ఆ రాత్రే చదివాను. జవాబుకు ఇన్నాళ్లు పట్టడానికి కారణం నీ ఉత్తరంలోని ఒక వాక్యం. అది నాకు కోపం తెప్పించింది. కోపంలో రాసిన ఉత్తరాన్ని టపాలో వెయ్యకూడదని ఏనాడో నియమం పెట్టుకున్నాను కనుక ఆగాను. "ఇతరుల ప్రభావం నా మీద పడకూడదని నేను ఎవరి కథలూ చదవను" అని రాశావు. గర్వంతో రాశావో, భయంతో రాశావో నాకు తెలియలేదు. ఏదైనా సరే, ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యానికే జవాబు అనుకో.

ముందు కథ సంగతి. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి ముసలిదైన తల్లి రేషను డిపోలో యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. జీడి సొన తినేసి వేలి గీతలు అరిగిపోయాయి. ఆవిడ వేలిని చెంగుకు తుడుచుకుంటుంది, నాలుకతో తడి చేసుకుంటుంది, ఎడమచేతి బొటనవేలు కూడా పెట్టి చూస్తుంది. వెనక వరసలోని వాళ్లు విసుక్కుంటూ ఉంటే డీలరు వైపు చూసి, "నానేనని ఇది ఒప్పుకోదేటి బాబూ" అంటుంది. ఆ అరపేజీ చదివాక కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ తర్వాత రెండు పేజీలూ కూతురు వేదికెక్కి మాట్లాడినట్టు మాట్లాడింది. కార్మికుల కష్టం, ప్రభుత్వాల నిర్లక్ష్యం, యువతరం కర్తవ్యం, అన్నీ వరసగా వచ్చాయి. తల్లి ఎక్కడికి పోయిందో తెలియలేదు.

ఎవరి ప్రభావమూ పడలేదని నువ్వు నమ్ముతున్నావు గాని, ఆ రెండు పేజీలూ ఎక్కడివో నేను చెప్పగలను. "కథ సందేశాత్మకంగా ఉండాలి" అని నిబంధన పెట్టే పోటీలున్నాయి కదా, అక్కడివి. బడి పుస్తకంలో పాఠం చివర ఉండే నీతి నుంచి, రాత్రి భోజనాల వేళ ఇంట్లో మోగే సీరియల్ సంభాషణల నుంచి అవి నీలోకి వచ్చాయి. చదవడం మానేస్తే ప్రభావం ఆగిపోదమ్మా. మంచివాళ్ల ప్రభావం మాత్రమే ఆగిపోతుంది, మిగిలినదంతా నీ అనుమతి లేకుండానే లోపలికి వచ్చి కూర్చుంటుంది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెబుతాను. 1973లో నాకు ఇరవై నాలుగేళ్లు. కొత్తగా బడిపంతులు ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఏడెనిమిది కథలు రాశాను, రెండు అచ్చయ్యాయి. ఒక కుటుంబం వైద్యం ఖర్చు కోసం ఇంట్లోని హార్మోనియం అమ్ముకోవడం గురించి పదిహేను పేజీల కథ రాసి, మా బడిలో పెద్ద తెలుగు మాస్టారికి చూపించాను. ఆయన చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి, "చాసోగారి వాయులీనం చదివావా?" అని అడిగారు. లేదన్నాను. చాసో అంటే కథకుడు చాగంటి సోమయాజులుగారు. "ఆయన ఉండేది ఈ ఊళ్లోనేనయ్యా" అన్నారు, అంతే, మరేమీ అనలేదు.

ఆ సాయంత్రం మాస్టారి దగ్గరే పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్లి వాయులీనం చదివాను. భార్య జబ్బుకు వైద్యం చేయించడానికి ఆమె వయొలిన్ అమ్మేసిన కథ అది. నేను పదిహేను పేజీల్లో అందరి చేతా ఏడిపించినదాన్ని చాసోగారు ఎవరినీ గొంతెత్తనివ్వకుండా, కొద్ది పేజీల్లో చెప్పారు. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకే ఇతివృత్తం ఇద్దరికి తట్టడం తప్పేమీ కాదు, కనుక నా సిగ్గు దాని గురించి కాదు. ఆయన తిరిగే వీధుల్లోనే తిరుగుతూ, ఆయన విన్న మాటలే వింటూ, పక్కనే అంత పని జరిగి ఉందని తెలియకుండా కథలు రాస్తున్నందుకు సిగ్గుపడ్డాను. ఆయనను పలకరించే ధైర్యం నాకు చాలాకాలం రాలేదు. ఆ ఏడాదంతా మరో కథ రాయలేదు. చదివాను. శ్రీపాద వారిని, రావిశాస్త్రిగారిని, కాళీపట్నం రామారావు మాస్టారిని చదివాను, కొన్ని కథలను నోటుపుస్తకంలో చేత్తో ఎత్తి రాసుకున్నాను. ఎత్తి రాస్తుంటే వాక్యం ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగకుండా సాగిందో వేళ్లకు తెలుస్తుంది. కంటితో చదివితే అది అంత బాగా అందదు.

తోటివారు రాస్తున్నారని తెలియకపోవడం నీ ఒక్కదాని సమస్యే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకప్పుడు అచ్చులోకే ఎక్కింది. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి ఒక వ్యాసంతో బదులు చెప్పి ఊరుకోలేదు. తాము నడుపుతున్న గోలకొండ పత్రిక తరఫున ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అన్ని వందల మంది ఉన్నచోట ఎవరూ లేరని ఒక చదువుకున్న మనిషి నమ్మగలిగాడంటే, వెతకకపోవడం ఎంత పని చేస్తుందో చూడు. ఆ కవుల్లోనూ చాలామందికి పక్క తాలూకాలో మరొకరు రాస్తున్నారని ఆ సంచిక చూశాకే తెలిసి ఉంటుందని నా ఊహ.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. గురజాడ వారి దిద్దుబాటు, 1910, తెలుగులో మొదటి కథ అని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పాను. బడి మొహం చూడకుండా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి దగ్గర చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబగారు 1902లోనే ధనత్రయోదశి రాశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కథ దొరికాక చదివి, నా దగ్గర చదువుకుని వెళ్లిపోయిన ఆడపిల్లలందరూ గుర్తొచ్చి బాధపడ్డాను. కలం పట్టిన ఒక ఆడమనిషి పేరు వాళ్లకు చెప్పవలసిన చోట నేను చెప్పలేదు. నువ్వు ఎవరినీ చదవనంటే నాకు అంత కోపం రావడానికి ఇదీ ఒక కారణం. నీకంటే ముందు ఆ దారిన వెళ్లినవాళ్లను నువ్వే పలకరించకపోతే మరెవరు పలకరిస్తారు?

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. రామారావు మాస్టారు 1997లో దాన్ని స్థాపించారు. తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలన్నది ఆయన పట్టుదల. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా కథలు ఉన్నాయో లేవో చూసుకోవాలన్న ఆశతోనే వెళ్లాను. పాత వారపత్రికల కట్ట తిరగేస్తుంటే ఒక స్త్రీ రాసిన నాలుగు పేజీల కథ కంటపడింది. పాలమనిషి పోసిన పాలకు ఇల్లాలు గోడమీద సున్నంతో చుక్కలు పెట్టి లెక్క రాసుకుంటుంది. పెద్దవాళ్లకు ఒక వరస, పసిబిడ్డకు ఒక వరస. బిడ్డ పోయిన నెల చివర లెక్క కట్టడానికి వచ్చిన పాలమనిషి, బిడ్డ వరసలో చుక్కలు ఆగకుండా ఉండటం చూస్తాడు. ఏమీ అనకుండా ఆ వరస వదిలేసి లెక్క కడతాడు. కథ అక్కడితో అయిపోయింది. ఆ రచయిత్రి పేరుతో రెండో కథ నాకు ఎక్కడా దొరకలేదు. నేను నా కథల సంగతి మరచిపోయి ఆ నాలుగు పేజీలూ ఎత్తి రాసుకుని ఇంటికి వచ్చాను. ఇప్పటికీ కథకు ముగింపు కుదరనప్పుడు ఆ నోటుపుస్తకం తీస్తాను.

ముగింపు అంటే గుర్తొచ్చింది. 1980ల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నా కథ చివరి పన్నెండు పంక్తులు కొట్టేసి, వాటి స్థానంలో తన సొంత మాటల్లో ఒక నీతివాక్యం చేర్చి వేశాడు. తిరుగు టపాకు స్టాంపులు, హామీపత్రం జతచేసి, కాగితానికి ఒకవైపే ముత్యాల్లా రాసి పంపిన కథ అది. ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఆ గాయం నాకు ఇంకా మానలేదు, అందుకే నీ కథలో ఆ రెండు పేజీలూ చూసినప్పుడు ఆ సంపాదకుడు నీ పక్కన కూర్చుని రాయించినట్టు అనిపించింది. అలాంటివాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లకు నచ్చడం కోసం ఒక్క వాక్యమైనా చేర్చకు. బహుమతి రాకపోతే రానీ.

చదివినప్పుడు నచ్చితే రాసినవాళ్లకు నాలుగు ముక్కలు రాయి. మూడేళ్లు నేను కలం ముట్టుకోని కాలంలో రాయగడ నుంచి ఒక రైల్వే ఉద్యోగి కార్డు రాశారు. నా పాత కథలో అంట్లు తోముతున్న మనిషి గాజులు పైకి తోసుకున్న తీరు తన తల్లిని గుర్తుచేసిందని, ఆ మాట నాకు చెప్పాలనిపించిందని రాశారు. ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. ఆ వారమే మళ్లీ రాయడం మొదలుపెట్టాను. శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని చిన్న వయసులో పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చారు, ఆ పుస్తకం తెరిచిన ప్రతివారికీ ముందు ఆ పేరు పలకవలసి వస్తుంది. తోటి రచయితకు అంతకన్నా ఏం చెయ్యగలం?

మీ యాసలో రాయవచ్చా అని అడిగావు. మీ వైపు కథకులు అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు, బమ్మిడి జగదీశ్వరరావు ముగ్గురివీ చదివి, ఆ తర్వాత ఇంకా అడగాలనిపిస్తే అడుగు. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగితే కథానిలయం ఎంతో దూరం కాదు. ఒక రోజు సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్లు.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. రెండు పేజీల మీద పెన్సిలు గీత ఉంది. రేషను డిపో పేజీని మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ విని, "ఇంతకీ ఆ ముసలమ్మకు ఆ రోజు బియ్యం ఇచ్చారా?" అని అడిగింది. నేను మళ్లీ మొదటి నుంచి వెతికాను, నీ కథలో ఎక్కడా లేదు. ఇచ్చారా అమ్మా?