కళ్లు మూసుకున్నా మెరుపు గీతలు... ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 29. మాది ఒంగోలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు, చదువుతుంటే అక్షరాల మధ్య చిన్న చుక్క మొదలై, రంపపు పళ్లలాంటి మెరుపు గీతగా పెరిగి, 20 నిమిషాల్లో పక్కకు జరిగి మాయమవుతుంది. తర్వాత తలనొప్పి. కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. కంటి డాక్టర్ అంతా బాగుందన్నారు. బ్రెయిన్‌లో గడ్డేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: రంపపు పళ్లలా పెరిగి, 20 నిమిషాల్లో పక్కకు జరిగి మాయమవుతుందన్న మాటతోనే సగం సంగతి తెలిసిపోయిందమ్మా. గీత పుట్టేది కంట్లో కాదు, తల వెనుక భాగంలో చూపును అందుకునే విజువల్ కార్టెక్స్‌లో. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ‘ఆరా’తో (అంటే తలనొప్పికి ముందు ఇలా కనిపించే గీతల్లాంటి లక్షణాలతో) వచ్చే మైగ్రేన్. గడ్డ లక్షణం ఇలా ఉండటం చాలా అరుదు.

అక్కడి నాడీకణాలు ఒక్కసారిగా రేగి, ఆపై కాసేపు మూగబోతాయి. ఈ అల పక్కపక్కకు మెల్లగా పాకుతుంది. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తనకొచ్చిన గీతలనే కాగితం మీద గీసుకుని, మెదడులో ఈ అల వేగం నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లని 1941లో లెక్కగట్టారు. చూపు మధ్య భాగానికి మెదడు ఎక్కువ చోటిచ్చింది, అంచులకు తక్కువ. అందుకే అల ఒకే వేగంతో పాకినా, గీత మొదట నత్తనడకన కదిలి అంచుకు చేరేకొద్దీ పరుగెడుతున్నట్టు ఉంటుంది. ఇక వంకరలంటారా, కార్టెక్స్‌లో ఒక్కో కణం ఒక్కో వాలు గీతకే స్పందిస్తుంది. అల తాకితే ఎదురుగా గీత లేకపోయినా ఉన్నట్టే చెబుతుంది.

పొరుగు కణాలు ఒకదాన్నొకటి ఎగదోస్తూ, దూరపువాటిని అణిచే చోట ఆ తూకం చెడితే చారలు వాటంతటవే ఏర్పడతాయని ఎర్మెన్‌ట్రౌట్, కోవన్ అనే శాస్త్రవేత్తలు 1979లో గణితంతో చూపించారు. జీబ్రా చారలకు చెప్పే లెక్కా ఇలాంటిదే.

ఈసారి వస్తే ఒక్కో కన్ను మూసి చూడండి, టైమ్ రాసుకోండి. స్కూటీ మీద ఉంటే పక్కకు ఆపేయండి. భోజనం, నిద్ర మానేసిన రోజులతో పోల్చుకోండి. నొప్పి మాత్రలు నెలలో పది రోజులు దాటనివ్వొద్దు. న్యూరాలజిస్ట్‌కు ఒకసారి చూపించుకోండి, పరీక్షలో తేడా లేకపోతే స్కాన్ అక్కర్లేకపోవచ్చు. ఒక కంట్లోనే చూపు పోయినా, గీత గంట దాటినా పోకపోయినా, చేయి పడిపోయినట్టున్నా, మాట తడబడినా మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఆరా ఉన్నవాళ్లలో ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి, సిగరెట్ తోడైతే మరీనూ.