టర్బో కారుకు 100 ఆక్టేన్ పెట్రోలు అవసరమా?

ప్రశ్న: ఈమధ్య టర్బో పెట్రోల్ కారు కొన్నాను. 100 ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయని స్నేహితులు అంటున్నారు. డాలస్‌లో ఉండే మా తమ్ముడేమో అక్కడ చాలామంది 87 పోయించుకుంటారని చెబుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా ఆ 87 సంగతి. మన దేశంలోనూ ఐరోపాలోనూ చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య, అంటే ఆర్‌ఓఎన్. అమెరికాలో దానికీ, మరింత కఠినమైన పరీక్షలో తేలే మోటార్ ఆక్టేన్ సంఖ్యకూ సగటు కట్టి బంకు మీద రాస్తారు. కాబట్టి అక్కడి 87 మన లెక్కలో సుమారు 91 లేదా 92 అవుతుంది. మీ తమ్ముడు నాసిరకం పెట్రోలు వాడుతున్నట్టు కాదు.

ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తికి కొలత కాదు. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండరులో వ్యాపిస్తూ ఉండగా, ఇంకా కాలని గాలి, పెట్రోలు మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమనకుండా ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే సంఖ్య అది. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్ అనే ద్రవానికి 0 అని నిర్ణయించి, ఆ రెండింటి మిశ్రమాలతో పోల్చి దీన్ని లెక్కిస్తారు. ఇథనాల్ ఆర్‌ఓఎన్ 100కు పైనే ఉంటుంది, అయినా లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి అనే నమ్మకం ఇక్కడే వీగిపోతుంది.

అయితే శక్తిమంతమైన ఇంజిన్లకు ఆ సంఖ్య నిజంగానే ముఖ్యం. కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ ఆ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందనే లెక్క, ఎక్కువగా ఉన్నా, టర్బో గాలిని ఒత్తి పంపినా సిలిండరులో ఒత్తిడీ వేడీ పెరిగి, మిశ్రమం అకాలంలో పేలి పిస్టన్లను దెబ్బతీసే ప్రమాదం ఉంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. నేటి కార్లలో నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, అవసరమైతే టర్బో ఒత్తిడినీ తగ్గిస్తుంది. ఇంజిన్ బతుకుతుంది గాని శక్తి కొంత పోతుంది. 98 ఆక్టేన్‌ను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన స్పోర్ట్స్ కారులో 98 పోస్తే ఆ శక్తి తిరిగి వస్తుంది. 91కి రూపొందించిన మామూలు కారులో, ఆ అదనపు ఓర్పును వాడుకునే ఏర్పాటే లేకపోతే, 100 పోసినా చెప్పుకోదగ్గ మార్పు ఉండదు.

మీ కారు మాన్యువల్‌లో గాని, పెట్రోల్ ట్యాంకు మూత లోపల గాని కనీస ఆర్‌ఓఎన్ ఎంతో చూడండి. 91 అని ఉంటే సాధారణ పెట్రోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు మన ప్రమాణాల ప్రకారం కనీసం 95 ఉండాలి కాబట్టి, కారు ఆ మిశ్రమానికి తగినదైతే 95 అడిగే ఇంజినుకూ అది సరిపోతుంది. 98 కావాలని రాసి ఉంటే మాత్రం ఖర్చుకు వెనకాడవద్దు. వేసవిలో ఇంజిన్ పీల్చే గాలే వేడిగా ఉండి నాకింగ్‌కు దోహదం చేస్తుంది. ఎక్కువ గేరులో ఎత్తు ఎక్కుతున్నప్పుడు లోహం కొట్టుకున్నట్టు టకటక శబ్దం వినిపిస్తే గేరు తగ్గించండి, అది మళ్లీ మళ్లీ వస్తుంటే సర్వీస్ సెంటరులో చూపించండి.